అత్తిబెలెకు అటు చెర, హోసూరుకు ఇటు స్వేచ్ఛ: అత్యవసర పరిస్థితి సరిహద్దు ప్రజలకు నేర్పిన పాఠం

హోసూరు, కృష్ణగిరి ప్రాంతపు తెలుగు కుటుంబాలకు రాష్ట్ర సరిహద్దు కొత్త విషయం కాదు. ఒక కూతురిని కోలారు వైపు ఇచ్చి, మరొక కూతురిని కుప్పం వైపు ఇచ్చిన ఇండ్లు ఇక్కడ ఎన్నో. కూరగాయలు, పూలు తెల్లవారకముందే బెంగళూరు మార్కెట్టుకు చేరుతాయి. అత్తిబెలె రాగానే బోర్డుల మీద అక్షరాలు మారతాయి, బస్సుల రంగు మారుతుంది, అధికారుల భాష మారుతుంది. ఇవన్నీ ఇక్కడి వారికి అలవాటైన మార్పులు. అయితే 1975 జూన్ చివరి నుండి 1976 జనవరి చివరి వరకు, సుమారు ఏడు నెలల పాటు, ఆ గీతకు అటూ ఇటూ మారినది వీటన్నిటికంటె పెద్ద విషయం. ప్రభుత్వాన్ని బహిరంగంగా విమర్శించే స్వేచ్ఛ ఒక వైపు దాదాపు లేకుండా పోయింది, మరొక వైపు ఎంతో కొంత నిలిచింది. దేశం ఒకటే, రాజ్యాంగం ఒకటే, చట్టం కూడా ఒకటే. మరి ఆ తేడా ఎందుకు వచ్చింది? అది ఎందుకు నిలువలేదు? ప్రజాస్వామ్యంలో ప్రతిపక్షాన్ని అణచివేయడం ఎలా సాధ్యమవుతుందో గ్రహించడానికి సరిహద్దు ప్రజలకు ఇంతకంటె దగ్గరి ఉదాహరణ మరొకటి లేదు.

ఒక రాత్రిలో మారిన దేశం

1975 జూన్ 12న అలహాబాదు హైకోర్టు న్యాయమూర్తి జగ్మోహన్ లాల్ సిన్హా, ప్రధానమంత్రి ఇందిరా గాంధీ లోక్‌సభ ఎన్నిక చెల్లదని తీర్పు చెప్పారు. ఆమె రాజీనామా చేయాలని జయప్రకాశ్ నారాయణ్ నాయకత్వంలో ప్రతిపక్షాలు పట్టుబట్టాయి. జూన్ 25 రాత్రి రాష్ట్రపతి ఫక్రుద్దీన్ అలీ అహ్మద్ రాజ్యాంగం 352వ అధికరణం కింద అత్యవసర పరిస్థితి ప్రకటనపై సంతకం చేశారు. ‘అంతర్గత కల్లోలం’ అన్న రెండు మాటలే అందుకు చూపిన కారణం. మంత్రివర్గం సమావేశమైనది మరునాటి ఉదయం మాత్రమే, అప్పటికే సంతకం పూర్తయింది.

అరెస్టులకు ముఖ్యమైన ఆయుధం 1971లో వచ్చిన ఆంతరిక భద్రతా చట్టం. జనం నోట అది ‘మీసా’. సాధారణ నేరచట్టం ఒక మనిషి చేసిన పనికి శిక్ష వేస్తుంది. మీసా వంటి ముందస్తు నిర్బంధ చట్టం అతడు ముందు ముందు ఏదో చేయవచ్చునన్న అనుమానంతోనే చెరలో ఉంచుతుంది. ఆరోపణ నిరూపించవలసిన పని లేదు, విచారణ లేదు. అత్యవసర పరిస్థితి కాలంలో చేసిన సవరణల వలన, ఎందుకు నిర్బంధించారో ఖైదీకి తెలుపవలసిన బాధ్యత కూడా అధికారులకు లేకుండా పోయింది. పత్రికలకు ముందస్తు సెన్సారు విధించారు. ఎవరు అరెస్టయ్యారో పక్క ఊరికి తెలియని స్థితి ఏర్పడింది.

తరువాత 1977లో నియమితమైన న్యాయమూర్తి జె.సి. షా విచారణ సంఘం లెక్క ప్రకారం ఆ కాలంలో మీసా కింద 34,988 మందిని, భారత రక్షణ చట్టం, నిబంధనల కింద 75,818 మందిని నిర్బంధించారు. అంటే లక్షా పదివేల మందికి పైగా.

బెంగళూరు కారాగారంలో

హోసూరుకు నలభై కిలోమీటర్ల దూరంలోని బెంగళూరులో ఆ మార్పు మొదటి ఉదయమే కనిపించింది. పార్లమెంటరీ సంఘ సమావేశానికి వచ్చి ఉన్న అటల్ బిహారీ వాజపేయి, లాల్ కృష్ణ అద్వానీ, మధు దండవతే, శ్యామ్ నందన్ మిశ్రాలను జూన్ 26న అక్కడే అరెస్టు చేసి బెంగళూరు కేంద్ర కారాగారానికి తరలించారు. కర్ణాటకలో అప్పుడు ఉన్నది దేవరాజ్ అరసు నాయకత్వంలోని కాంగ్రెసు ప్రభుత్వం. ఢిల్లీ ఆజ్ఞకు అక్కడ అడ్డు లేదు. రామకృష్ణ హెగ్డే, హెచ్.డి. దేవెగౌడ కూడా నిర్బంధితులయ్యారు. వీరిలో వాజపేయి, దేవెగౌడ తరువాతి కాలంలో ప్రధానమంత్రులైన సంగతి విదితమే.

పేరున్న నాయకుల కంటె ఎక్కువ బాధలు పడినవారు వేరే ఉన్నారు. సోషలిస్టు నాయకుడు జార్జి ఫెర్నాండెజ్ ఆచూకీ చెప్పమంటూ ఆయన తమ్ముడు లారెన్సును 1976 మే 1న బెంగళూరులో పట్టుకుని చిత్రహింసలు పెట్టారు. ఆ మరునాడు, మే 2న, స్నేహలతా రెడ్డిని అరెస్టు చేశారు. ఆంధ్ర మూలాలున్న ఆమె రంగస్థల నటి, ‘సంస్కార’ కన్నడ చిత్రంలో ప్రధాన పాత్రధారిణి. భర్త పట్టాభిరామరెడ్డి నెల్లూరు సీమకు చెందిన తెలుగు కవి, ‘ఫిడేలు రాగాల డజన్’ కర్త. ఆ చిత్రానికి దర్శకుడు కూడా ఆయనే. బరోడా డైనమైటు కేసులో అనుమానితురాలిగా పట్టుకున్న స్నేహలత పేరు చివరి అభియోగపత్రంలో లేనే లేదు. అయినా మీసా కింద ఎనిమిది నెలలకు పైగా చెరలో ఉంచారు. ఉబ్బసం వ్యాధి జైలులో ముదిరింది. 1977 జనవరి 15న పెరోలుపై వదిలిన ఐదు రోజులకే, జనవరి 20న ఆమె కన్నుమూశారు. ఆమె జైలులో వ్రాసుకున్న దినచర్య తరువాత పుస్తకంగా వెలువడింది.

నాటి కారాగార స్థలమే నేటి బెంగళూరులోని ఫ్రీడం పార్కు.

హోసూరుకు ఇవతల

అదే జూన్ నెలలో తమిళనాడులో ఉన్నది ఎం. కరుణానిధి నాయకత్వంలోని ద్రవిడ మున్నేట్ర కళగం ప్రభుత్వం. అత్యవసర పరిస్థితి ప్రకటించిన రెండు రోజులకే, జూన్ 27న, ఆ పార్టీ కార్యవర్గం దానిని ఖండిస్తూ తీర్మానించింది. మీసా తమిళనాడుకూ వర్తించే చట్టమే. పోలీసులు ఉన్నారు, జైళ్లు ఉన్నాయి. కాని ఆ చట్టాన్ని ప్రతిపక్షంపై ప్రయోగించడానికి రాష్ట్ర ప్రభుత్వం సిద్ధపడలేదు. ఇతర రాష్ట్రాలలో వెతుకుతున్న నాయకులు, కార్యకర్తలు పలువురు మద్రాసులో తలదాచుకోగలిగారు. బెంగళూరు నుండి మద్రాసుకు రోడ్డు దారి హోసూరు, కృష్ణగిరుల మీదుగానే. నాటి ధర్మపురి జిల్లాలో భాగమైన ఈ ప్రాంతపు ప్రజలకు ఆ నెలలలో రాష్ట్ర సరిహద్దు నిజంగానే రెండు వ్యవస్థల నడుమ గీత అయింది.

తెలుగువారి సొంత రాష్ట్రం కూడా అప్పుడు ఆ గీతకు అవతలి పక్షానే ఉన్నది. జలగం వెంగళరావు ముఖ్యమంత్రిగా ఉన్న ఆంధ్రప్రదేశ్‌లో విప్లవ రచయితలు, పౌరహక్కుల కార్యకర్తలు జైళ్ల పాలయ్యారు. దేశవ్యాప్తంగా క్షమాభిక్ష విజ్ఞప్తులు వచ్చినా, భూమయ్య, కిష్టాగౌడ్‌లను 1975 డిసెంబరు 1న ఉరితీశారు.

ఒక్క సంతకంతో

తమిళనాడులో దొరికిన ఆ నీడ ఎంత పలుచనిదో 1976 జనవరి 31న తేలిపోయింది. గవర్నరు కె.కె. షా నివేదిక ఆధారంగా 356వ అధికరణం కింద కరుణానిధి ప్రభుత్వాన్ని రద్దు చేశారు. 1971లో ఎన్నికైన ఆ శాసనసభ గడువు ముగియడానికి కొద్ది వారాలే మిగిలి ఉన్నది. ఆ వెంటనే అరెస్టులు ప్రారంభమయ్యాయి. నాటి యువ కార్యకర్త, 2021లో ముఖ్యమంత్రి అయిన ఎం.కె. స్టాలిన్ కూడా మీసా కింద మద్రాసు కేంద్ర కారాగారానికి వెళ్లారు. అక్కడ ఖైదీలను తీవ్రంగా కొట్టారు. మద్రాసు మాజీ మేయరు, పార్లమెంటు సభ్యుడు చిట్టిబాబు ఆ దెబ్బల ఫలితంగా ఆరోగ్యం చెడి 1977 జనవరిలో మరణించారు. ఆ జైలులో జరిగినదానిపై తరువాత న్యాయమూర్తి ఎం.ఎం. ఇస్మాయిల్ సంఘం విచారణ జరిపింది.

ఇక్కడ గమనించవలసినది ఒకటి ఉన్నది. జనవరి 30న తమిళనాడు ప్రజలకు ఉన్న స్వేచ్ఛ ఫిబ్రవరి 1న లేదు. ఆ నడుమ చట్టం మారలేదు, ప్రజలు ఏ నేరమూ చేయలేదు. మారినది మద్రాసు సచివాలయంలో కూర్చున్న అధికారం ఒక్కటే. అంటే అంతవరకు ప్రజలను కాపాడినది వారి హక్కు కాదు, పాలకుల ఇష్టం. ఇష్టం మీద నిలిచిన రక్షణ ఆ ఇష్టం ఉన్నంత వరకే.

ఎనిమిదేండ్ల తరువాత ఇదే కథ తెలుగు నేల మీద మరొక రూపంలో నడిచింది. 1984 ఆగస్టు 16న గవర్నరు రామ్‌లాల్, శాసనసభలో మెజారిటీ ఉన్న నందమూరి తారక రామారావును ముఖ్యమంత్రి పదవి నుండి తొలగించి నాదెండ్ల భాస్కరరావును ఆ పీఠంపై కూర్చోబెట్టారు. ఈసారి నీడ కర్ణాటకలో దొరికింది. రామకృష్ణ హెగ్డే ప్రభుత్వ ఆదరణలో తెలుగుదేశం శాసనసభ్యులు అక్కడ శిబిరంలో ఉన్నారు. ప్రజాందోళన ఫలితంగా సెప్టెంబరు 16న రామారావు తిరిగి ముఖ్యమంత్రి అయ్యారు. పదేండ్లలోపే సరిహద్దు రెండు వైపులా పాత్రలు తారుమారయ్యాయి.

కోర్టు తలుపు మూసుకున్న రోజు

పాలకుల ఇష్టాన్ని అదుపు చేయవలసినది న్యాయస్థానం. అక్రమంగా నిర్బంధించిన మనిషిని తమ ఎదుట హాజరుపరచమని కోర్టు ఆదేశించే హెబియస్ కార్పస్ వ్యాజ్యాన్ని, అత్యవసర పరిస్థితి ఉన్నా విచారించవచ్చునని దేశంలో తొమ్మిది హైకోర్టులు భావించాయి. బెంగళూరు ఖైదీల కేసు వచ్చిన కర్ణాటక హైకోర్టు వాటిలో ఒకటి. అయితే 1976 ఏప్రిల్ 28న సుప్రీంకోర్టు జబల్పూరు కేసులో ఆ తీర్పులను తోసిపుచ్చింది. ఐదుగురు న్యాయమూర్తులలో నలుగురు ప్రభుత్వ పక్షాన నిలిచారు. జీవించే హక్కు, స్వేచ్ఛ ప్రభుత్వ దయ మీద ఆధారపడినవి కావని వాదించినవారు హెచ్.ఆర్. ఖన్నా ఒక్కరే. 1977 జనవరిలో ఆయనను కాదని జూనియరును ప్రధాన న్యాయమూర్తిని చేశారు, ఖన్నా రాజీనామా చేశారు. ఆయన మాటే సరైనదని సుప్రీంకోర్టు స్పష్టంగా ఒప్పుకున్నది 2017 ఆగస్టు 24న, వ్యక్తిగత గోప్యతపై ఇచ్చిన తీర్పులో. అందుకు నలభై ఒక్క ఏండ్లు పట్టింది.

1977 మార్చి ఎన్నికలలో ఉత్తర భారతం కాంగ్రెసును ఓడించింది. దక్షిణాదిలో ఫలితం వేరుగా వచ్చింది. ఆంధ్రప్రదేశ్‌లో 42 స్థానాలలో 41, కర్ణాటకలో 28లో 26 కాంగ్రెసే గెలిచింది. తమిళనాడులో ద్రవిడ మున్నేట్ర కళగం ఘోరంగా ఓడింది. ఆ కాలపు చెరసాలల కథ మన ఊళ్లలో అంతగా చెప్పుకోకపోవడానికి ఇదీ ఒక కారణం కావచ్చు.

తొరపల్లి బిడ్డ చెప్పే మరొక పాఠం

ఈ తప్పు ఒక్క పార్టీదే అనుకుంటే పాఠం సగమే నేర్చుకున్నట్లు. హోసూరు దగ్గరి తొరపల్లిలో 1878 డిసెంబరు 10న జన్మించిన చక్రవర్తుల రాజగోపాలాచారి జీవితమే అందుకు నిదర్శనం. సహాయ నిరాకరణ ఉద్యమంలో ఆయన వేలూరు జైలులో శిక్ష అనుభవించారు. 1937లో మద్రాసు రాష్ట్రానికి ప్రధాని అయ్యారు. 1938లో పాఠశాలల్లో హిందీని నిర్బంధం చేయగా ఆందోళన లేచింది. కాంగ్రెసు స్వయంగా నిరసించిన బ్రిటిషు కాలపు క్రిమినల్ లా సవరణ చట్టాన్నే ఆయన ప్రభుత్వం ఆ ఆందోళనకారులపై ప్రయోగించింది. వెయ్యిమందికి పైగా జైళ్లకు వెళ్లారు. పెరియార్ రామస్వామికి శిక్ష పడింది. నటరాజన్, తాళముత్తు అన్న ఇద్దరు 1939లో నిర్బంధంలో ఉండగా మరణించారు.

అదే రాజాజీ 1959లో, బలమైన ప్రతిపక్షం లేని ప్రజాస్వామ్యం దారి తప్పుతుందని హెచ్చరిస్తూ స్వతంత్ర పార్టీని స్థాపించారు. దానికి తొలి అధ్యక్షులు తెలుగువారైన ఆచార్య ఎన్.జి. రంగా. జైలును లోపలి నుండి చూసిన మేధావి, అధికారంలో ఉన్నప్పుడు ఒక విధంగా, ప్రతిపక్షంలో ఉన్నప్పుడు మరొక విధంగా ఆలోచించారు. మనిషి మంచివాడా కాడా అన్నది ఇక్కడ ప్రశ్న కాదు. చేతికి అందుబాటులో ఉన్న చట్టం ఎంత విశాలమైనదన్నదే ప్రశ్న.

2002లో ఇది మరొకసారి రుజువైంది. ఉగ్రవాద నిరోధానికి కేంద్రంలోని వాజపేయి ప్రభుత్వం తెచ్చిన పోటా చట్టాన్ని ఆ ఏడాది మార్చిలో పార్లమెంటు ఉభయసభల సంయుక్త సమావేశం ఆమోదించింది. పాలక కూటమిలో భాగమైన ఎం.డి.ఎం.కె. దానికి మద్దతిచ్చింది. నాలుగు నెలలు తిరగకుండానే, జూలై 11న, ఆ పార్టీ అధినేత వైకోను జయలలిత ప్రభుత్వం అదే చట్టం కింద అరెస్టు చేసింది. నిషిద్ధ శ్రీలంక సంస్థను సమర్థిస్తూ ప్రసంగించారన్నది ఆరోపణ. 2004 ఫిబ్రవరిలో బయటికి వచ్చే వరకు, సుమారు పందొమ్మిది నెలలు ఆయన వేలూరు జైలులో ఉన్నారు. బలప్రయోగానికి తోడ్పడే ఉద్దేశం లేని కేవల మాటల మద్దతు నేరం కాదని సుప్రీంకోర్టు 2003 డిసెంబరు 16న వివరించిన తరువాతనే దారి తెరుచుకున్నది.

ఆ కాలంలోనే, 2002 నవంబరులో, నేడు కృష్ణగిరి జిల్లాలో ఉన్న ఊత్తంగరై ప్రాంతంలో నక్సలైట్లన్న ఆరోపణతో పలువురిని పట్టుకుని పోటా కింద కేసు పెట్టారు. వారిలో స్త్రీలు ఉన్నారు, పద్దెనిమిదేండ్లు నిండనివారు కూడా ఉన్నారు. ఆయుధం పట్టినవారిని విచారించి శిక్షించే అధికారం, బాధ్యత ప్రభుత్వానికి తప్పక ఉన్నవి. కాని నేరం రుజువు కాకముందే నెలల తరబడి, ఏండ్ల తరబడి జైలులో ఉంచగల చట్టం దోషినీ నిర్దోషినీ ఒకే గదిలో పెడుతుంది. వైకో వంటి నాయకుని కోసం పార్లమెంటులో మాట్లాడేవారు ఉంటారు. పల్లె నుండి వెళ్లిన పిల్లవాని కోసం మాట్లాడవలసింది అతని ఇంటివారే.

ఏది మారింది, ఏది మిగిలింది

1978లో వచ్చిన 44వ రాజ్యాంగ సవరణ కొన్ని గట్టి కట్టుబాట్లు విధించింది. ‘అంతర్గత కల్లోలం’ బదులు ‘సాయుధ తిరుగుబాటు’ ఉంటేనే లోపలి కారణంతో అత్యవసర పరిస్థితి ప్రకటించవచ్చు. మంత్రివర్గ నిర్ణయం లిఖితపూర్వకంగా రాష్ట్రపతికి అందాలి. జీవించే హక్కును, స్వేచ్ఛను కాపాడే 21వ అధికరణాన్ని అత్యవసర పరిస్థితిలో సైతం నిలిపివేయరాదు. రాష్ట్ర ప్రభుత్వాల రద్దుపై 1994 మార్చి 11న బొమ్మై కేసు తీర్పు కళ్లెం వేసింది. మెజారిటీ తేలవలసింది శాసనసభలోనే గాని రాజభవనంలో కాదని సుప్రీంకోర్టు నిర్ణయించింది. మీసా రద్దయింది. 2004లో పోటా కూడా రద్దయింది.

అయితే ముందస్తు నిర్బంధం మాత్రం పోలేదు. 1980 నాటి జాతీయ భద్రతా చట్టం, తమిళనాడులో 1982 నాటి ‘గూండా చట్టం’ అమలులో ఉన్నాయి. గూండా చట్టం కింద విచారణ లేకుండా ఒక ఏడాది వరకు చెరలో ఉంచవచ్చు. 2017లో చెన్నై మెరీనా తీరంలో స్మారక సభ జరిపిన తిరుమురుగన్ గాంధీపై ఈ చట్టాన్నే ప్రయోగించగా, అదే ఏడాది మద్రాసు హైకోర్టు ఆ ఉత్తర్వును కొట్టివేసింది. పోటాలోని పలు నిబంధనలు ‘ఉపా’గా పిలిచే చట్టవిరుద్ధ కార్యకలాపాల నిరోధక చట్టంలో చేరాయి. ఆ చట్టం కింద బెయిలు దొరకడం మిక్కిలి కష్టం.

ఇదంతా పెద్ద నాయకుల గొడవ అని సరిహద్దు కుటుంబాలు అనుకోనవసరం లేదు. 2006లో తమిళ అభ్యసన చట్టం వచ్చినప్పటి నుండి మాతృభాషలో చదువు కోసం ఇక్కడి తెలుగువారు సభలు జరిపారు, వినతిపత్రాలు ఇచ్చారు, హైకోర్టుకు వెళ్లారు. ప్రభుత్వ నిర్ణయాన్ని శాంతియుతంగా కాదనడమే ప్రతిపక్షం. జెండా ఉన్నా లేకున్నా ఆ పని చేసే ప్రతివారికీ ఈ రక్షణలు అవసరమే.

ఇంటివారు తెలుసుకోవలసినవి

ఎవరినైనా అరెస్టు చేస్తే కారణం చెప్పాలి, కోరిన న్యాయవాదిని కలవనివ్వాలి, ప్రయాణ సమయం కాక 24 గంటలలోపు మేజిస్ట్రేటు ఎదుట హాజరుపరచాలి. ఇది రాజ్యాంగం 22వ అధికరణం ఇచ్చిన హక్కు. అరెస్టు పత్రంపై ఇంటివారు గాని ఊరి పెద్ద మనుషులు గాని సాక్షి సంతకం చేయాలని, ఎక్కడ ఉంచారో బంధువులకు తెలుపాలని 1996లో డి.కె. బసు కేసులో సుప్రీంకోర్టు ఆదేశించింది.

ముందస్తు నిర్బంధమైతే ఈ 24 గంటల నియమం వర్తించదు. కాని కారణాలు తెలుపాలి, వాటికి జవాబు వ్రాసుకునే అవకాశం ఇవ్వాలి. మూడు నెలలకు మించి ఉంచాలంటే సలహా మండలి ఒప్పుకోవాలి. తెలుగువారు ముఖ్యంగా గుర్తుంచుకోవలసినది మరొకటి ఉన్నది. ఆ కారణాలు నిర్బంధితునికి అర్థమయ్యే భాషలో అందాలని సుప్రీంకోర్టు 1962లోనే హరికిషన్ కేసులో తేల్చింది. హిందీ మాత్రమే తెలిసిన మనిషికి ఇంగ్లీషు కాగితం ఇచ్చినందుకు ఆ నిర్బంధమే చెల్లకుండా పోయింది. తెలుగు మాత్రమే చదవగలిగిన మనిషికి కూడా ఈ సూత్రం వర్తిస్తుంది. అర్థం కాని కాగితం చేతికి వస్తే, తనకు తెలిసిన భాషలో కావాలని వెంటనే వ్రాతపూర్వకంగా అడగాలి.

న్యాయవాదిని పెట్టుకునే శక్తి లేనివారు జిల్లా న్యాయ సేవల సంస్థ ద్వారా ఉచిత సహాయం పొందవచ్చు. స్త్రీలకు, పిల్లలకు, షెడ్యూల్డు కులాలు, తెగల వారికి, నిర్బంధంలో ఉన్నవారికి ఆదాయంతో నిమిత్తం లేకుండానే ఆ సహాయం లభిస్తుంది. టెలిఫోను సంఖ్య 15100. అక్రమ నిర్బంధమని తోస్తే హెబియస్ కార్పస్ వ్యాజ్యం వేయవలసింది తమిళనాడులో మద్రాసు హైకోర్టులో, అత్తిబెలె దాటితే కర్ణాటక హైకోర్టులో. 1976లో మూసుకున్న ఆ తలుపు నేడు రెండు వైపులా తెరిచే ఉన్నది.